కాకిబంగారపు తళుకు

ధ్యానభాగము: యాకోబు 5:4



మన సీమలో గూడూరు, సైదాపురము అనగానే పెద్దలకు జ్ఞాపకము వచ్చునది మైకా, అనగా అభ్రకము. దానినే కాకిబంగారమందురు. గనినుండి వచ్చిన పలకలను స్త్రీలు కత్తితో పొరలుపొరలుగా చీల్చెడివారు. ఆ పొరలు విద్యుత్ యంత్రములకు పోయెడివి. అయితే మెత్తగా నూరిన అభ్రకము మరియొక పనికిని వచ్చును. ముఖమునకు పూసికొను పౌడరులలోను, పెదవుల రంగులలోను తళుకు కలిగించునది తరచుగా ఇదియే.

ఇందుకు వలయు అభ్రకము జార్ఖండు, బీహారు రాష్ట్రములనుండియు పోవుచున్నది. అచ్చట పాడుబడిన గనులయొద్ద బీద కుటుంబములు పిల్లలతో కూడ ముక్కలు ఏరి అమ్ముకొనుచున్నవి. 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేఖరులు విచారింపగా, రెండు నెలలలోనే ఏడుగురు పిల్లలు అట్టి గనులలో మరణించినట్లు బయలుపడెను. మరుసటి యేట, అనగా 2017లో, ఈ పనినుండి పిల్లలను తప్పించుటకై కొన్ని కంపెనీలును సేవాసంస్థలును కలిసి రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్ అను సంఘముగా ఏర్పడెను.

ఇందులో కొన్నవాని దోషమేమి? “అంగడివాడు చెప్పిన వెల ఇచ్చితిని, నేనెవరి కూలియు ఎగగొట్టలేదు” అని మనమనవచ్చును. యాకోబు గద్దించినది కూలి బిగబట్టిన ధనవంతులనే. కాని ఆ కూలి పెట్టు మొర దేవుని చెవిని చేరెనని అతడు చెప్పుచున్నాడు. దేవుడు వినిన మొర మన చెవిని కూడ పడిన తరువాత, ఎరుగమని చెప్పుట మనకు చెల్లునా?

అట్లని కొనుట మానివేసిన చాలునా? అందరును మానినయెడల ఆ ఏరుకొను తల్లికి ఈ పూట గంజియు ఉండదు. చేతులు కడుగుకొన్నంత మాత్రమున పిలాతు నిర్దోషి కాలేదు. ఆమెకు న్యాయమైన వెలయు, ఆమె బిడ్డకు బడియు దొరకవలెను. కావున కొనునప్పుడు ఇది ఎవరి కష్టము, వారికేమి ముట్టినది అని అడుగుదము. న్యాయముగా చేసిన సరకు దొరికినచో రెండు రూపాయలు ఎక్కువైనను ఇచ్చుదము.

దూరపు కంపెనీ మన మాట వినకపోవచ్చును. మన పొలములోని కూలి మాత్రము మన చేతిలోనే యున్నది. ఆనాటి కూలి ఆనాడే చెల్లవలెనని లేవీయకాండము 19:13 బోధించుచున్నది. వరి కోతలలోను, రొయ్యల గుంటలయొద్దను పనిచేసినవారిని “రేపు రా” అని త్రిప్పుచు, పరదేశపు వర్తకుని నిందించుట వేషధారణ కాదా?

అద్దములో ముఖము చూచుకొనునప్పుడు, ఆ తళుకు వెనుకనున్న ముఖమును కూడ చూచు కన్నులను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.