తెలియక ముంచినవారికి దోషం ఉందా?

నేలను ప్లాట్లుగా విభజించి అమ్మే వ్యాపారి, అది నీటి దారి అని తెలియకుండానే ఒక గెడ్డను పూడ్పించి, ఆ కారణంగా దిగువ వీధి మునిగినప్పుడు, ఆ దోషం అతనికి అంటుతుందా అన్నది పైకి చట్టానికి సంబంధించిన ప్రశ్నగా కనిపించినా, దాని వేళ్లు ధర్మవిచారణలోనే ఉన్నాయి. మహేంద్రగిరి కొండల నీరు మహేంద్రతనయగా పారి వంశధారలో కలిసే పాతపట్నం సీమలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. ఎందుకంటే వానలకు ఉరికే గెడ్డ వేసవిలో ఉత్త పల్లంలా పడి ఉంటుంది గనుక, ఎండల్లో నేల కొలిచేవారికి అది వాగుగా తోచదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఒడిశా కొండల్లో కురిసిన వాన వంశధారకు వరదై దిగివచ్చి, ఎగువ నేలకూ దిగువ బతుకులకూ ఉన్న బంధం ఏ సరిహద్దు దగ్గరా ఆగదని చూపింది.

ఆ బంధానికి లెక్క కూడా ఉంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే లీటరు నీరవుతుంది. అంటే ఎకరం నేల మీద 100 మిల్లీమీటర్లు కురిస్తే దాదాపు 4 లక్షల లీటర్లు. వరిమడి గట్ల మధ్య నిలిచి ఇంకే ఆ నీరు, అదే నేల రోడ్లూ డాబాలూ అయ్యాక చాలా మటుకు ఒక్కసారిగా పల్లానికి పరుగెత్తుతుంది. ఈ పరుగును ముందే అంచనా వేసి, ఇంకుడు గుంతలు, నిల్వ కుంటలు, చాలినంత వెడల్పున్న కాలువలు ఏర్పరచి, లేఅవుట్ వేశాక కూడా పూర్వం కంటే ఉధృతంగా నీరు దిగకుండా చూడటమే వాననీటి నిర్వహణ.

ఈ లెక్క తెలియక గెడ్డను పూడ్పించినవాడి దోషానికి వస్తే, కర్మకు మూలం చేతన, అంటే సంకల్పం, అని బౌద్ధం చెబుతుంది. ఆ లెక్కన తెలియక చేసిన హాని కావాలని చేసిన హానితో సమానం కాదు. అయితే ప్రమత్తయోగం వల్ల, అంటే ఏమరుపాటుతో కూడిన ప్రవర్తన వల్ల, కలిగే ప్రాణహాని హింసే అని జైనుల తత్త్వార్థసూత్రం నిర్వచిస్తుంది. వంశధార ఒడ్డున శాలిహుండంలో బౌద్ధ స్తూపాలు, విజయనగరం జిల్లా రామతీర్థంలో బౌద్ధ, జైన అవశేషాలు ఉన్నందున ఈ రెండు ఆలోచనలూ ఈ సీమకు పరాయివి కావు. పైకి విరుద్ధంగా ఉన్నా, ధమ్మపదం అప్రమాదానికి, అంటే ఎరుకతో మెలగడానికి, ఒక వర్గాన్నే కేటాయించింది గనుక అవి ఒకచోట కలుస్తాయి: తెలుసుకునే వీలుండీ తెలుసుకోకపోవడం అమాయకత్వం కాదు.

చెరువు తవ్వించడాన్ని సప్తసంతానాల్లో ఒకటిగా, పుత్రుడితో సమానమైన పుణ్యంగా, మన పెద్దలు ఎంచారు. అయితే పుణ్యేచ్ఛ ఒక్కటే చాలునని వారు భావించలేదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) దానఫలాన్ని కీర్తించడంతో ఆగక, మంచి చెరువుకు కావలసిన 12 అంగాలనూ, దానిని చెరిచే 6 దోషాలనూ రాతిపై నమోదు చేసింది. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, నీటికీ ఆయకట్టుకీ పొంతన లేకపోవడం అందులో దోషాలు. అంటే నేల స్వభావాన్ని తెలుసుకోవడం అక్కడ ధర్మంలో భాగమే అయింది.

కనుక స్థిరాస్తి వృత్తిలోని వారికి వాననీటి శిక్షణ అదనపు నైపుణ్యం కాదు, అప్రమాద సాధన. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఏజెంట్లకు నమోదును విధించింది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు పూర్తి నీటిమట్టపు అంచు నుంచి 30 మీటర్లు వదలాలని ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు (2017) చెబుతున్నాయి. అయితే ఎందుకు వదలాలో నేర్వని వారి కంటికి ఆ జాగా చేజారిన ప్లాటుగానే కనిపిస్తుంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. పల్లమేదో మనిషి కూడా ఎరిగి తీరాలి. దస్తావేజు నాలుగు హద్దులు చెబుతుంది గానీ, ఆ నేలకు నీరు ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో చెప్పదు. అమ్మకంలో భాగమూ లాభమూ లేని దిగువ మనిషే దాని ఫలితాన్ని మోస్తాడు గనుక, నీరు వచ్చే దారీ పోయే దారీ కొనేవారికి చెప్పగలిగేంత నేర్చిన తర్వాతే నేల అమ్మే అర్హత కలుగుతుంది.