కళ్లెమును, కన్నును

ధ్యాన వాక్యములు: కీర్తనలు 32:8–9, మార్కు 11:1–7



గడచిన వేసవిలో జడ్చర్లనుండి కల్వకుర్తికి పోవు రోడ్డు ప్రక్కనున్న ఒక పల్లెలో పెండ్లి జరిగించుటకు మేము వెళ్లితిమి. ప్రమాణములు, ప్రార్థన, ఆశీర్వాదము అన్నియు సకాలమునకే ముగిసెను. సాయంత్రము పెండ్లికుమారుని గుర్రముమీద ఊరేగింపవలెనని అతని స్నేహితులు పట్టుబట్టిరి. ఇది మన తాతలనాటి పద్ధతి కాదు, పట్టణమునుండి వచ్చిన వేడుక. పెద్దలు ఒప్పుకొనిరి గనుక మేమును ఊరకుంటిమి.

గుర్రము తెల్లనిది, ఆడది. దానిని తోలుకొని వచ్చినవాడు డెబ్బది యేండ్లు దాటిన ముసల్మాను పెద్దమనిషి. ముందు డప్పుల వారు, వెనుక దీపముల బండి, నడుమ స్త్రీలు, పిల్లలు. ఊరి నడిబొడ్డుకు వచ్చినప్పుడు ఎవడో పటాకుల లడి అంటించి గుర్రము కాళ్లయొద్దకే విసరెను. అది ఒక్కసారిగా ముందరి కాళ్లు పైకెత్తెను. పెండ్లికుమారుని తలపాగా ఊడి పడెను. మేము ధైర్యము చూపుచున్నామనుకొని ఎదురుగా పరుగెత్తి, ఎడమచేత కళ్లెము పట్టుకొని, కుడిచేతి గొడుగు పైకెత్తి గద్దించితిమి. అది ఆగలేదు. మమ్మును ఈడ్చుకొనుచు వెనుకకు, పిల్లలున్న వైపునకే పోవుచుండెను.

అప్పుడు డప్పుల వారిలో ఒక యువకుడు తన డప్పు ఆపి, చేయెత్తి తక్కినవారిని కూడ ఆపించెను. ముసలాయన తొందరపడక ప్రక్కనుండి వచ్చి, గుర్రము భుజముమీద చేయివేసి, పసిపిల్లతో మాట్లాడినట్లు ఏదో మాట్లాడుచు నిలిచెను. మా చేతినుండి కళ్లెము మెల్లగా తీసికొనెను. కొంతసేపటికి ఆ గుర్రము తల వంచి, పెదవులు నాకుకొని, పొడవుగా ఊపిరి విడిచెను. దేవుని కృపవలన ఎవరికిని దెబ్బ తగులలేదు.

డప్పు ఆపిన ఆ యువకుని మేమెరుగుదుము. అతడు మా సంఘపు బిడ్డయే. మా చూపు అతనికి తగిలినంతనే అతడు జనములోనికి జరిగి కనబడకుండ పోయెను.

భోజనములైన తరువాత బడి ముందరి వేపచెట్టు క్రింద ముసలాయన గుర్రమునకు ఉడికించిన ఉలవలు తోబ్రాలో పోసి మేపుచుండగా మేము వెళ్లి కూర్చుంటిమి. మన పాలమూరు ఎర్ర చెలకల ఉలవలకు ఇంగ్లీషువారు గుర్రపు పప్పు అని పేరు పెట్టిరి. మనము చారు కాచుకొని త్రాగునది, గుర్రమునకు బలమిచ్చునది ఒకటే గింజ. పెండ్లిండ్లున్న నెలలలో నాలుగు రూకలు వచ్చును గాని, ముహూర్తములు లేని నెలలలోను దాణా తప్పదు గదా అని ఆయన చెప్పెను. ఈ గుర్రమును నాందేడు జిల్లా మాళెగాము జాతరలో కొనెనట. 1956 వరకు నాందేడు కూడ మన హైదరాబాదు రాజ్యములోనిదే గనుక, ఆయన తండ్రియు ఆ జాతరకే పోవువాడట.

"చాచా, నీ గుర్రం శాన జిద్దుది" అంటిమి.

ఆయన నవ్వెను. "జిద్దు కాదు అయ్యగారూ, భయం. మీరు ఎదురుంగ పోయి నిలబడ్డరు. దాని ముక్కు ముందటిది దానికి కానరాదు. పైన గొడుగు లేచె, కింద పటాకులు వలిగె. ఇగ అది ఎటు పోవాలె? ఎనుకకే పోతది."

"మరి ఏం చెయ్యాలె?"

"పక్కకెళ్లి పోవాలె. భుజం తావున నిలబడాలె. మాట్లాడుకుంట ఉండాలె. మనం కోపంతోని పోతే దానికి ఎరుకైతది."

ఈ మాటలు మేము ఇంటికి తెచ్చుకొని చాలా దినములు తలపోసితిమి. గుర్రము వేటాడు జంతువు కాదు, వేటాడబడు జంతువు. సృష్టికర్త దాని కన్నులను తలకు ఇరుప్రక్కల పెట్టెను గనుక అది ఇంచుమించు చుట్టును చూడగలదు. తోక వెనుక కొంత చోటు, నొసటికి నేరుగా ముందు కొంత చోటు మాత్రమే దానికి కనబడవు. దాని చెవులు శబ్దము వచ్చిన వైపునకు తిరుగును. అవి వెనుకకు అంటుకొనిపోయినయెడల కోపమో భయమో యున్నదని ఎరుగవలెను. నిలువబడియే కునుకు తీయును, ఏలయనగా పరుగెత్తుటయే దానికి రక్షణ. మనము పొగరు అని పేరు పెట్టునది తరచుగా తప్పించుకొను దారి వెదకుటయే.

ముసలాయన చెప్పిన కోపపు సంగతియు వట్టి మాట కాదు. 2016లో ఇంగ్లండులోని ససెక్సు విశ్వవిద్యాలయపు పరిశోధకులు 28 గుర్రములకు మనుష్యుల ముఖముల ఫోటోలు చూపించి, కోపముగల ముఖమును చూచినప్పుడు వాటి గుండె మరి త్వరగా వేగమందుకొనుటయు, అవి ఆ ముఖమును ఎడమకంటితో ఎక్కువగా చూచుటయు కనిపెట్టిరి. బొమ్మలోని కోపమునకే గుండె అదరినయెడల, గొడుగెత్తిన పాదిరి ముఖము ఏమి చేసియుండును!

ఇప్పుడు కీర్తన తెరచి చూడుడి. 32వ కీర్తన తొమ్మిదవ వచనమును మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. బుద్ధిలేని గుర్రమువలెను కంచరగాడిదవలెను ఉండవద్దనియు, వాటిని వారు, కళ్లెము పెట్టి బిగింపవలసి వచ్చుననియు అక్కడ హెచ్చరిక యున్నది. సెమినారీలో నేర్చుకొనిన నాటినుండి మా చేతికి ఆ కళ్లెము బాగుగా అలవాటైనది. దాని ముందరి వచనమును మాత్రము త్వరగా దాటిపోవుచుంటిమి. అక్కడ దేవుడు తన దృష్టి మనమీద ఉంచి, నడువవలసిన మార్గమును బోధించి, ఆలోచన చెప్పెదనని మాట ఇచ్చుచున్నాడు. మొదట కన్ను, తరువాతనే కళ్లెము. మేము ఆ వరుసను తలక్రిందులు చేసితిమి.

మా తప్పును దాచము. రెండేండ్ల క్రిందట ఆ యువకుడు ఊరి జాతరలో కూలికి డప్పు కొట్టినాడని మాకు తెలిసెను. ఆదివారమున సంఘమంతటి యెదుట అతనిని నిలువబెట్టి గద్దించి, ప్రభువు బల్లనుండి ఆపితిమి. అతడు ఒక్క మాటయు పలుకలేదు. ఆ మౌనమును మేము గర్వమని వ్రాసికొంటిమి. అటుతరువాత రెండు పర్యాయములు ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని, సంఘపు రిజిష్టరు చంకన పెట్టుకొని అతని యింటికి పోతిమి. మేము ముందరి వాకిట నిలిచితిమి, అతడు పెరటి దారిని పోయెను. రెండు సార్లును అంతే. గుర్రము ఎటు పోవునని ముసలాయన చెప్పెనో అటే పోయెను. మాకు అది అప్పుడు తెలియలేదు.

కళ్లెము అక్కరలేదని మేము చెప్పుట లేదు. యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయములో గుర్రము నోట పెట్టు కళ్లెమును గూర్చియే వ్రాసెను. అయితే ఆ యినుము ఎక్కడ కూర్చుండునో ఎరుగుదురా? గుర్రము నోటిలో ముందరి పండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లు లేని ఖాళీ యొకటి యున్నది. అచ్చట మెత్తని చిగురే. చేయి తేలికైనవాడు వ్రేలు కదిపిన చాలును, గుర్రము తిరుగును. ఎల్లప్పుడు గట్టిగా గుంజువానిచేత ఆ నోరు మొద్దుబారును. పిమ్మట ఎంత గుంజినను అది వినదు. సంఘములలో మొద్దుబారిన నోళ్లు మనకు లేవా? వాటిని అట్లు చేసినది ఎవరి చేయి? గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయము మొదటి వచనమును మాతోటి కాపరులు మరల చదువుకొందురు గాక.

మట్టల ఆదివారపు పాఠమును గూర్చి ఒక సంగతి చెప్పవలెను. ఎన్నియో యేండ్లు చదివినను మేము దానిని గమనింపలేదు. ప్రభువు ఎక్కిన గాడిదపిల్లమీద అంతకుముందు ఏ మనుష్యుడును కూర్చుండలేదని మార్కును లూకాయు వ్రాసిరి. గాడిద గుర్రమునకు దాయాదియే, భయపడినప్పుడు మాత్రము గుర్రమువలె పరుగెత్తక తరచు బిగిసి నిలుచును. మన చాకలివారిని అడుగుడి, చెప్పుదురు. అటువంటి మరపని పిల్ల, మీద ఎన్నడును ఎరుగని బరువు, కాళ్లక్రింద పరచిన బట్టలు, ఇరుప్రక్కల ఊపుచున్న కొమ్మలు, వేలమంది కేకలు! మా పెండ్లి ఊరేగింపు దానియెదుట ఏపాటిది? అయినను అది ఎవనిని పడవేయలేదు. మీద కూర్చున్నవాని చేయి ఎటువంటిదో దానినిబట్టి గ్రహింపవలెను.

మత్తయి మరియొక సంగతి చేర్చుచున్నాడు. పిల్లతోకూడ తల్లిని సహితము తోలుకొని వచ్చిరి. దీనిని గూర్చి పండితులు ఏమేమో వాదింతురు. ఆ ముసలాయనను అడిగినయెడల, "పిల్ల బెదరకుంట తల్లిని పక్కన నడిపించిండ్రు, ఇంకేమున్నది" అని ఒక్క మాటలో తేల్చును. ఆయన చిన్న గుర్రమునకు మొదటి ఊరేగింపు నేర్పునప్పుడు ముసలి గుర్రమును ప్రక్కనే నడిపించునట.

మనము గుర్రముల జనము కాము. నల్లగొండలో 1890లో మిషను స్థానమును ఏర్పరచిన అబ్రహాము ఫ్రీసెన్ దొరగారు దక్షిణ రష్యాలోని, అనగా ఇప్పటి ఉక్రెయినులోని, మెన్నొనైటు సేద్యగాండ్ర మధ్యనుండి వచ్చినవారు. ఆ దేశములో నాగలి లాగునది గుర్రము. మన చెలకలలో లాగినది ఎద్దు. ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చి కొట్టములు ఖాళీ అగుచున్నను, అమ్రాబాదు గుట్టలలో పొడలుగల తూర్పు పశువుల మందలు నేటికిని ఉన్నవి. కోడెకు కాడి మరపుట ఎరిగిన పెద్దలును మీలో ఉన్నారు. వారిని అడుగుడి. రెండు కొత్త కోడెలను ఒక కాడికి ఎవడైన కట్టునా? దాపట ముసలి ఎద్దు, వలపట కోడె. మలుపునొద్ద ముసలిది ఎట్లు తిరుగునో చూచి కోడె తిరుగును. ముల్లుగర్ర చేసెడి పనికంటె ప్రక్కనున్న ఎద్దు చేసెడి పనియే ఎక్కువ. ప్రభువు తన కాడి ఎత్తుకొని తనయొద్ద నేర్చుకొనుడని పిలిచినప్పుడు (మత్తయి 11:29), వినుచున్న రైతులు దీనినే తలంచియుందురని మాకు తోచుచున్నది.

పెండ్లియైన మూడవ వారమున మేము ఆ యువకుని యొద్దకు పోతిమి. ఈసారి పెద్దలు లేరు, రిజిష్టరు లేదు. ఇంటికి పోలేదు, అతడు పత్తి చేనిలో కలుపు తీయుచుండగా గెట్టుమీదుగా పోయి, అతని ప్రక్క సాలులో వంగి మేమును కలుపు తీయనారంభించితిమి. మా పని చూచి అతడు నవ్వు ఆపుకొనుట కనబడెను. సగము సాలు వరకు ఇద్దరమును మాటలాడలేదు.

"మీ నాయిన ఎట్లున్నడు?" అని అడిగితిమి.

అతడు చాలసేపు ఊరకుండి చెప్పెను. "నాయిన పోయిన సంక్రాంతికి ముందే పోయిండు అయ్యగారూ. మీరప్పుడు మహాసభలకు పోయిండ్రు. సిన్న పాస్టరుగారు మట్టి జేసిండ్రు."

మేము మరచితిమి. మా సంఘములోని మరణమునే మరచితిమి.

"ఆ జాతర దినం నాయినకు మందులు తేవాలె. చేతుల పైసల్లేవు. డప్పు కొడ్తే ఐదునూర్లిస్తమన్నరు. మీరు అడిగి ఉంటే చెప్పెటోన్ని."

జాతర డప్పును గూర్చి మా అభిప్రాయము మారలేదు. అయితే ఒకని మాట వినకమునుపే అతనికి తీర్పు తీర్చుట ధర్మశాస్త్రమునకే సమ్మతము కాదని నికొదేము పరిసయ్యుల నడుమ నిలిచి అడిగెను (యోహాను 7:51). ఆ ప్రశ్న అడుగుటకు మా సంఘములో ఆ దినమున ఒక్కడును లేకపోయెను, మేమును లేము. ఆ సాలు చివర మేము అతనిని క్షమించుమని అడిగితిమి. అతడు ఏమియు అనక, మేము తీయక విడిచిన కలుపు తీయుచు వెనుకకు వెళ్లెను. ప్రభువు బల్ల సంగతి మేము ఎత్తలేదు. ఆదివారమునకు రమ్మని పిలువను లేదు.

నెల గడచెను. పోయిన ఆదివారము రెండవ కీర్తన పాడుచుండగా అతడు వచ్చి, ద్వారముయొద్ద చెప్పులు విడిచిన చోటనే నిలిచెను. మేము పుస్తకమునుండి తల ఎత్తలేదు. వెనుక వరుసలోనున్న ముసలి పెద్ద ఒకరు వెనుకకు తిరిగి చూడకయే కొంచెము జరిగి, చాపమీద తన ప్రక్కను చోటు చేసెను.