ఖాతా మన పేరున ఉంది, లెక్క ఎవరు చెప్పాలి?



ఆమధ్య ఒక ఆదివారం పూజ ముగిశాక ఒక తల్లి గుడి మెట్ల దగ్గర నిలబడి ఏడుస్తూ కనిపించింది. కువైట్‌లో పనిచేసే కూతురు కొనిచ్చిన ఫోను ఆమె చేతిలో ఉంది. ఎవరో ఫోను చేసి, "అమ్మా, మీ ఫోనుకు పొరపాటున ఆరంకెల నంబరు వచ్చింది, కాస్త చదివి చెప్పండి" అన్నాడట. ఆమె చెప్పింది. కాసేపటికే ఆమె వాట్సాప్ పరాయివాడి చేతికి పోయింది. ఆమె పేరుతో చుట్టాలందరికీ "అర్జెంటుగా డబ్బు పంపండి" అని సందేశాలు వెళ్లాయి. ఇద్దరు పంపారు కూడా.

మన కోనసీమలో గల్ఫ్ దేశాలకు మనిషిని పంపిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో తల్లికి బిడ్డ ముఖం కనిపించేది ఫోనులోనే. కనుక ముందు తాళం సంగతి చెప్పుకుందాం. ఆ ఆరంకెల నంబరు మీ ఇంటి తాళంచెవి లాంటిది. ఎవరడిగినా, చివరికి నేనడిగినా, చెప్పవద్దు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'టూ స్టెప్ వెరిఫికేషన్' అనే చోట మీకు మాత్రమే తెలిసిన పిన్ను పెట్టుకోండి. 'లింక్డ్ డివైసెస్' అనే చోట మీది కాని కంప్యూటరు కనిపిస్తే తీసివేయండి. సందేశంలో ఎవరు డబ్బు అడిగినా, వారికి మామూలు ఫోను చేసి, గొంతు విన్నాకే పంపండి. మోసపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఇవి చేతకాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలను అడగండి. అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఇంతవరకు దొంగ సంగతి. ఇక ఇంటివాడి సంగతి. తాళం ఎంత గట్టిదైనా, తాళంచెవి చేతిలో ఉన్నవాడిని ఆపదు. మన ఖాతా నుంచి మనమే పొరుగువానికి కీడు చేస్తే దాన్ని ఏ పిన్ను ఆపుతుంది?

ఒకసారి ఒక ఆడపిల్ల ఫొటో, దాని కింద నాలుగు పాడు మాటలు ఒక గ్రూపులోకి వచ్చాయి. తెల్లారేసరికి ఊరంతా పాకాయి. కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఆ ఫొటో వేరెవరిదో అని తర్వాత తేలింది. పంపినవారిలో ఒకరిని పిలిచి అడిగితే, "నేను రాయలేదు కదండీ ఫాదర్ గారూ! నాకు వచ్చింది, పంపానంతే" అన్నాడు.

ఈ మాట మనమందరం ఏదో ఒకనాడు అన్నదే. ఇది నిలబడే మాటేనా?

పునీత తోమా అక్వినాసు గారు 13వ శతాబ్దంలోనే ఇలాంటి ప్రశ్న ఒకటి వేసుకున్నారు. పొరుగువాని పరువు తీసే మాటను కాదనకుండా విన్నవాడికి అందులో పాలు ఉందా? ఉందని ఆయన జవాబు. ఇష్టపడి విన్నవాడి తప్పు చెప్పినవాడి తప్పుకు తీసిపోదు. ఇష్టం లేకపోయినా భయంతోనో, అశ్రద్ధతోనో ఊరుకున్నవాడికీ తప్పు ఉంది, కాకపోతే తక్కువ. ఊరికే విన్నవాడి సంగతే ఇలా ఉంటే, విన్నదాన్ని పదిమందికి చేరవేసినవాడి సంగతి ఏమిటి? ఉత్తరం రాసింది నేను కాకపోవచ్చు. మోసుకెళ్లి వాకిట్లో ఇచ్చింది నేనే కదా! పోస్టుమాన్‌కు కవరులో ఏముందో తెలియదు. నాకు తెలుసు.

"అందరూ పంపుతున్నారు, నా ఒక్కడి వల్ల ఏమవుతుంది?" అనేది రెండో సాకు. కొబ్బరి పీచు పోగు ఒక్కటి దేన్నీ కట్టలేదు. పేనితే పడవను కట్టి నిలిపే మోకు అవుతుంది. 2022 మే 24న మన అమలాపురంలో జరిగింది మీరు మరచిపోలేదు. జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ గారి పేరు పెట్టడంపై రేగిన అల్లర్లలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగులబెట్టారు. జనాన్ని పోగుచేయడంలో వాట్సాప్ గ్రూపుల పాత్ర ఉందని పోలీసులు చెప్పారు. తర్వాత కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి ఉద్యోగాలు చేసుకునే పిల్లలు సిగ్నల్ కోసం ఊళ్లు దాటి వెళ్లవలసి వచ్చింది. అలాంటి సందేశాలను మొదట రాసేవారు కొద్దిమందే ఉంటారు. పోగులు పేనేది మాత్రం పంపేవారే.

అలాగని ఫోనును కాలువలో పారేయమని నేను చెప్పను. అదే సంవత్సరం జులైలో గోదావరి వరద లంక గ్రామాలను ముంచెత్తింది. అలాంటి వేళ ఏ గట్టున పడవ ఉందో, ఎవరికి మందులు కావాలో చెప్పే ఒక్క సందేశం ప్రాణం నిలుపుతుంది. అప్పుడు పంపకపోవడమే తప్పు. కత్తి ఒకటే, కూర తరిగినా అదే, గొంతు కోసినా అదే.

కనుక పంపే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది నిజమని నాకెలా తెలుసు? నిజమే అయినా, దీన్ని అందరికీ చెప్పే అవసరం ఉందా? ఇందులో ఉన్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఈ మాట అనగలనా? సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కరికి లేదా ఒక్క గ్రూపుకే పంపనిస్తున్నారు. వాళ్లు పెట్టిన ఆ అడ్డు మన చేతిని కాస్త నెమ్మది చేస్తుంది. ఆపవలసింది మాత్రం మన మనస్సాక్షే.

పొరపాటున పంపేస్తే? తుడిచివేయడంతో సరిపోదు. చదివిన కళ్ల నుంచి దాన్ని తుడవలేం. ఎనిమిదవ ఆజ్ఞ మీరి ఒకరి పరువు తీసినవాడు, చేతనైనంత వరకు ఆ పరువును తిరిగి నిలబెట్టాలని శ్రీసభ బోధిస్తుంది. ఏ గ్రూపులో పంపామో ఆ గ్రూపులోనే, "నేను పంపింది అబద్ధం, క్షమించండి" అని రాయాలి. ఆ ఇంటికి వెళ్లి తల వంచాలి. ఇది కష్టమే. ఆ ఆడపిల్ల విషయంలో నలుగురు పంపితే అలా వెళ్లినవాడు ఒక్కడే. "నేను రాయలేదు" అన్న ఆయనే అతడు.

వెనుక కోమటి కొట్టులో ఖాతా పుస్తకం ఉండేది. ఎవరి పేరున రాసింది వారే తీర్చాలి. ఈనాడు మన చేతిలో ఉన్నదాన్నీ ఖాతా అనే అంటున్నాం. ఈ రాత్రి జపమాల ముగిశాక ఒకసారి ఫోను తెరచి, ఈ వారం మనం పంపినవి పైనుంచి కిందకు చదువుకుందాం. తీర్చవలసిన బాకీ కనిపిస్తే, రేపే వెళ్లి తీర్చుకుందాం.