“సూన్” అను మాట

ఇంగ్లీషులోని “సూన్” అను అవ్యయము మన యిండ్ల బాలురకు సైతము పరిచితమే. త్వరలో, కొద్దికాలమునకు అని దాని యర్థము. కాని వేయి సంవత్సరములకు పూర్వము, ఆ భాషలో అది “సోన” యని పలుకబడిన దినములలో, దానికీ సడలుదనము లేదు. అప్పుడు దాని యర్థము “తక్షణమే” అని.

ఒక్క మాటకే యీ గతి పట్టినయెడల మేమిది వ్రాయకయే యుందుము. “ప్రెజెంట్లీ” అనగా నొకప్పుడు ఈ క్షణముననే, తరువాత, కొంతసేపటికి. “ఎనాన్” చరిత్రయు నంతియే. “బై అండ్ బై” కథ మిక్కిలి వింతయైనది. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలునందు, మార్కు సువార్తలో, హేరోదియ కుమార్తె బాప్తిస్మమిచ్చు యోహాను శిరస్సును పళ్లెరములో బెట్టి “బై అండ్ బై” ఇమ్మని రాజు నడుగును. నేటి పాఠకుడు దానిని “ఎప్పుడో యొకప్పుడు” అని చదివికొనును. ఆమె కోరినది తక్షణమే. రాజు దుఃఖించెను గాని ఆలసింపలేదు. వెంటనే బంటును బంపెను. అట్టి పనులకు ఆలస్య మెన్నడును లేదు కాబోలు.

ఈ మాటలన్నియు నొక్క త్రోవనే జారుటకు కారణమేమి? “వెంటనే” యనువానికి వెంటనే చేసిన పేరును కావలెను, ఆలసించు సుఖమును కావలెను. వినువాడు కొన్నాళ్లకు సంగతి గ్రహించి, అరిగిన నాణెమునకు వర్తకుడు వట్టము కట్టినట్లు, ఆ మాటను కొంత తగ్గించియే వినసాగును. పిమ్మట ఆ తగ్గిన యర్థమే నిఘంటువున కెక్కును. ఇందుకు ఇంగ్లీషువారిని చూచి నవ్వుకొనువారు, “ఇదిగో, ఇప్పుడే వచ్చెద”నని చెప్పి మన మెన్ని గడియలకు వచ్చుచున్నామో తలచుకొందురు గాక.

ఇది అసత్యమా యని మా ప్రశ్న. చెప్పువాడు ఆ క్షణమున నమ్మియే చెప్పును. వినువాడు వట్టము తీసియే వినును. ఇక మోసపోయిన వారెవ్వరని కొందరందురు. మాకీ సమాధానము రుచింపలేదు. షేక్స్పియరు “నాలుగవ హెన్రీ” నాటకపు మొదటి భాగములో పానశాల కుర్రవాడు ఫ్రాన్సిస్, ఒకవైపు రాకుమారుడు మాటలతో నిలిపివేయుచుండగా, వేరొక గదినుండి పిలుచువానికి “ఎనాన్, ఎనాన్” అని కేకలు వేయుచు కదలలేకుండును. వానిని తప్పుపట్టజాలము, ఇద్దరి యాజ్ఞల నడుమ చిక్కినవాడు.

ఇంటి యజమానుని సంగతి వేరు. దినమంతయు నాట్లు వేసిన కూలిమనిషి అరుగు క్రింద నిలిచి కూలి యడుగగా, ఆయన “ఇప్పుడే యిచ్చెద”నని లోపలికి బోయి భోజనమునకు గూర్చుండును. అంగడి మూయు వేళ యగుచున్నది. ఆమె ఇంట బిడ్డలు నూకలకై యెదురుచూచుచున్నారు. ఆమె యా మాటకు వట్టము కట్టలేదు. ఇప్పుడే యనగా ఇప్పుడే యనుకొని, కూర్చుండక నిలుచుండియే యున్నది.