పలచబడని పొగ

పరీక్ష పాసైతే మన బాధ్యత తీరిపోయినట్టేనా? జర్మనీలో ఇళ్ళను వెచ్చగా ఉంచే కట్టెల బాయిలర్ల పొగని ఎలా కొలుస్తారో చదువుతుంటే నాకు ఈ ప్రశ్నే మెదిలింది.

అక్కడ పొగగొట్టాలు శుభ్రం చేసే వృత్తివాళ్ళే రెండేళ్ళకోసారి వచ్చి పొగలోని ధూళినీ, కార్బన్ మోనాక్సైడ్‌నీ కొలుస్తారు. ఇప్పుడు పెట్టే కొత్త బాయిలర్‌కైతే ఘనమీటరు పొగలో ధూళి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడో చిక్కుంది. పొగలోకి ఇంకాస్త గాలి కలిస్తే చాలు, అంకె దానంతటదే పడిపోతుంది. పాలలో నీళ్ళు కలిపినట్టు పొగ పలచబడుతుందే తప్ప, ఊళ్ళోకి పోయే ధూళి రవ్వంత కూడా తగ్గదు. అందుకే పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కూడా కొలిచి, లెక్కని 13 శాతం ఆక్సిజన్‌కి సరిచేస్తారు. ఆక్సిజన్ 17 శాతం ఉందనుకోండి, మీటరు చూపిన అంకెని రెట్టింపు చేస్తారు.

ఈ చిన్న లెక్క నాకు భలే నచ్చింది. "ఇంత పెద్ద ఊళ్ళో నా ఒక్కడి పొగ ఎంత?" అని చెప్పుకోవడం కూడా గాలి కలపడమే కదా. పంచుకునేవాళ్ళు ఎక్కువైనంత మాత్రాన నా వాటా తగ్గదు.

అయితే ఈ కొలతకీ ఒక హద్దుంది. బాయిలర్ నిలకడగా, పూర్తి శక్తితో మండుతున్నప్పుడు పావుగంట సేపు కొలుస్తారు. పొగ ఎక్కువొచ్చేదేమో చల్లారిన పొయ్యిని రాజేసినప్పుడు, తడి కట్టెలు వేసినప్పుడు, గాలి తగ్గించి మంటని అణిచిపెట్టినప్పుడు. కోడ్ రాసేవాళ్ళకి ఇది తెలిసిన బాధే. టెస్టులన్నీ పాసవుతాయి, ప్రొడక్షన్‌లో కూలిపోతుంది.

2015లో బయటపడ్డ ఫోక్స్‌వాగన్ సాఫ్ట్‌వేర్, పరీక్ష జరుగుతోందని పసిగట్టి ఆ కాసేపే డీజిల్ కారుని శుభ్రంగా నడిపేది. అది మోసం, దోషులెవరో తేల్చవచ్చు. బాయిలర్ దగ్గర ఎవరూ మోసం చెయ్యలేదు. కొలిచినవాళ్ళూ నిజమే రాశారు, ఇంటివాళ్ళూ నియమం పాటించారు. అయినా ఆ కాగితం మీది అంకెకీ, పక్కింటివాళ్ళు చలికాలమంతా పీల్చే గాలికీ పొంతన ఉండకపోవచ్చు.

పోనీ ప్రతి గొట్టంలో ఓ మీటరు బిగించి రాత్రింబవళ్ళు కొలుద్దామా? ఖర్చు సంగతి అలా ఉంచితే, ప్రతి పొయ్యి దగ్గరా కాపలా పెట్టే సమాజం నాకు ఇష్టం లేదు. అలాగని కొలతలు దండగ అనను. అవి లేకపోతే మాట్లాడుకోవడానికి ఆధారమే ఉండదు. కాకపోతే పొగ కొలత చెప్పేది ఆ పావుగంట గురించే. మిగతా చలికాలమంతా కట్టెలు ఎండబెట్టుకోవడం, మంటని సరిగ్గా మండనివ్వడం ఇంటివాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. ఆ పని చేశారో లేదో ఏ సర్టిఫికెట్టూ చెప్పదు.