ఔషధదానమున దాత యెవరు?

ధర్మపురికి పూర్వనామము తగడూరు. దాని నేలిన అతియమాన్ నెడుమాన్ అంజి, దీర్ఘాయువు నిచ్చు ఉసిరికాయ దొరకగా తాను తినక అవ్వైయార్‌కు ఇచ్చెనని తమిళుల గాథ. దాని మహిమ మాత్రము ముందుగా చెప్పలేదట. చెప్పిన ఆమె పుచ్చుకొనదని శంక కాబోలు. రాజునకు అది శోభించినది. వైద్యునకు శోభింపదు.

మెలనోమా యను చర్మపు క్యాన్సరు ఇతర అంగములకు ప్రాకినచో పూర్వము చాలమంది ఏడాదిలోపలనే మరణించెడివారు. ఈ దేశమున ఆ జబ్బు అరుదు. కాని దానికి వచ్చిన మందులే ఊపిరితిత్తుల, మూత్రపిండముల క్యాన్సరులకును వాడబడుచున్నవి గనుక ఈ ప్రశ్న ధర్మపురి గడపకును రాగలదు. శరీర రక్షణకణములకున్న కళ్ళెమును విప్పుట ఈ మందుల పని. ఆ మార్గము చూపిన అల్లిసన్, హోంజోలకు 2018లో నోబెల్ బహుమానము లభించెను. ఇపిలిముమాబ్, నివొలుమాబ్ కలిపి యిచ్చిన మేలా, విడిగా మేలా యని తేల్చుటకు 2013-14లో 945 మంది రోగులు మూడు వర్గములుగా చేరిరి. ఎవరికేది వచ్చునో చీటీ వేసినట్లే; రోగికిని తెలియదు, వైద్యునికిని తెలియదు. 2024లో ప్రకటించిన పదేండ్ల లెక్క ప్రకారము బ్రతికియున్నవారు జంటమందుల వర్గమున నూటికి 43, నివొలుమాబ్ వర్గమున 37, ఇపిలిముమాబ్ వర్గమున 19. అయితే జంటమందులు పుచ్చుకొన్నవారిలో సగముకంటె ఎక్కువమందికి తీవ్రమైన ఉపద్రవములు కలిగెను. కళ్ళెము విడిన కణములు ప్రేవులపైనను కాలేయముపైనను తిరుగబడినవి.

ఆ 19 లేనిదే 43కు విలువ కట్టలేము. తక్కెడకు రెండు తట్టలు వలెనని వర్తకులకు చెప్పనక్కరలేదు. తక్కువ వర్గపు చీటీ వచ్చినవారే, తామెన్నడును చూడని రోగులకు ఔషధదానము చేసినవారు. మందు చేసిన కంపెనీ ధర పుచ్చుకొనును. వైద్యుడు జీతము పుచ్చుకొనును.

దాత తానిచ్చునది యెరిగి యీయవలెను. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా బాలికలకు వేసినపుడు అనేకుల పక్షమున హాస్టలు వార్డెన్లు సంతకములు చేసిరి. 2010లో ప్రభుత్వము ఆ కార్యక్రమమును ఆపించెను. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము గట్టిగా ఆక్షేపించెను. టీకా మంచిదే కావచ్చును. ఆ బాలికలు మాత్రము దాతలు కారు.

హింసకు మూలము ప్రమాదము, అనగా ఏమరుపాటు, అని జైనశాస్త్రము. మేలుకోరి జాగరూకతతో కత్తి పట్టిన వైద్యుడు హింసకుడు కాడు. ఉపద్రవమును దాచి సంతకము పుచ్చుకొన్నవాడు ఆ దోషమును తప్పించుకొనలేడు. (అల్లిసన్ తొలి ప్రయోగములు ఎలుకలపైన జరిగెను. వాటి సమ్మతి నడుగు ఉపాయమే లేదు. ఈ ముల్లు ఇంకను గ్రుచ్చుచునే యున్నది.)

వైద్యుని ననుట సులభము. వర్తకుల యిండ్లలో ఏమి జరుగుచున్నది? పెద్దాయనకు క్యాన్సరను మాటయే చెప్పరు. కొడుకులు మాటలాడుకొని కొడుకులే సంతకము చేయుదురు. అది ప్రేమయే. కాని దుకాణపు చిట్టాలో కాణీ తేడా పట్టగల తండ్రికి తన ప్రాణపు లెక్క చూపరు! తెలివి గల రోగి తానే అంగీకరింపవలెనని 2019 నాటి భారత నియమములు చెప్పుచున్నవి. తండ్రిని బెంగుళూరికో చెన్నపట్టణమునకో ఇట్టి పరీక్షకు తీసికొనిపోవు కొడుకు ఆ కాగితమును జేబులో దాచుకొనక, బయలుదేరుటకు ముందే ఆయనకు చదివి వినిపింపవలెను. విని ఆయన వలదనవచ్చును. ఆ రోజు ప్రయాణము మానుకొనవలసివచ్చును.