రంగూ చలవా

గోరింటాకు పెట్టుకున్న మర్నాడు పొద్దున్నే ఇంట్లో పెద్దవాళ్ళు అడిగే మొదటి మాట, 'ఏదీ, ఎలా పండిందో చూపించు' అని. అసలు ఎందుకు పెట్టుకోవాలని పిల్లలు అడిగితే వాళ్ళు చెప్పే జవాబు, 'ఒంటికి చలవ చేస్తుంది' అని. రంగు నలుగురికీ కనిపిస్తుంది. చలవ పెట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. ఈ రెండూ ఒకే ఆకులోంచి, ఒకే రాత్రిలో, ఒకే అరచేతిలోకి వస్తాయి. మన సాధనలోనూ ఇలాంటివే రెండున్నాయి. పూజ, జపం, ఉపవాసం, తీర్థయాత్ర నలుగురికీ కనిపిస్తాయి. వాటివల్ల లోపల ఏపాటి శాంతి కలిగిందో చేసినవాడికే తెలుస్తుంది. ఆకులో విడదీయరానివిగా ఉన్న ఈ రెంటినీ మనం జీవితంలో విడదీసుకున్నాం. గోరింటపొద దగ్గర ఆగి ఆలోచించవలసింది ఇదే.

ముందు ఆ మొక్క సంగతి చూద్దాం. పెరళ్ళలో, పొలాల కంచెల్లో పెద్ద పోషణ లేకుండానే పెరిగే పొద ఇది. చిన్న చిన్న ఆకులు, గుత్తులుగా పూసే సువాసన గల పూలు. లిన్నేయస్ 1753లో దీన్ని లాసోనియా ఇనెర్మిస్ అని నమోదు చేశాడు. ఆయుర్వేదంలో మదయంతి, యూనానీలో హినా. ప్రాచీన ఈజిప్టు మమ్మీల వెంట్రుకల్లో దీని ఛాయలు దొరికాయి. ముల్లు గుచ్చుకున్నా, పుండు పడినా ప్రవక్త ముహమ్మద్ గోరింటాకు పెట్టమనేవారని హదీసు గ్రంథాలు చెబుతాయి. మన ఇళ్ళలో ఆషాఢంలోనూ అట్లతద్దికీ ఎంత మక్కువగా పెట్టుకుంటారో, హైదరాబాదు ముస్లిం ఇళ్ళలో పెళ్ళికి ముందు మెహందీ అంత మక్కువగా పెడతారు. ఈ రెండు మతాల్లో ఏదీ ఈ ఆకును పరాయిదనుకోలేదు.

ఆయుర్వేదం దీని రుచి వగరు, చేదు అంటుంది. వీర్యం శీతం, అంటే ఒంట్లో చలవను కలిగించేది. పిత్తకఫాలను శమింపజేస్తుందని చెబుతుంది. అరికాళ్ళ మంటలకూ, మడమల పగుళ్ళకూ, గోరుచుట్టుకూ ఆకు నూరి పట్టు వేయడం, పుండ్లను ఆకు కషాయంతో కడగడం, కొబ్బరినూనెలో ఆకు వేసి కాచి తలకు రాయడం ఇంటింటి వైద్యం. నిద్ర పట్టనివాళ్ళ తలగడలో ఈ పూలు పెట్టే అలవాటు కూడా ఉంది. ఆధునిక పరిశోధన కూడా ఈ ఆకును ఊరికే వదిలిపెట్టలేదు. ఇందులోని రంగుపదార్థం పేరు లాసోన్. అది కొన్ని శిలీంధ్రాలనూ బ్యాక్టీరియానూ ఎదగనివ్వదని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. కేపెసిటబిన్ అనే క్యాన్సర్ మందు వాడేవారికి అరచేతులూ అరికాళ్ళూ మండి, పొట్టు రాలే బాధ వస్తుంది. టర్కీ వైద్యులు కొద్దిమంది రోగులకు గోరింటాకు పట్టు వేసి, ఉపశమనం కలిగిందని 2008లో ప్రచురించారు. అది చిన్న పరిశీలనే. అయినా మన అమ్మమ్మలు ఏ చోట, ఏ బాధకు ఈ ఆకును వాడారో, ఆ వైద్యులూ ఆ చోటే, ఆ బాధకే వాడి చూశారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. గోరింట ఎండను కోరుకునే మొక్క. వేడి, పొడి నేలల్లో పెరిగిన ఆకుకే రంగు ఎక్కువ. రాజస్థాన్‌లోని సోజత్ ప్రాంతపు గోరింటాకు అంత పేరు పొంది, 2021లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకోవడానికి అక్కడి ఎండా, నేలా కూడా కారణాలే. మండుటెండను తాగి పెరిగిన ఆకు, మనిషికి ఇచ్చేది మాత్రం చలవ. తపస్సు అంటే తపించడం, కాగడం. ఆ కాగిన మనిషి దగ్గరికి వెళ్ళినవాడికి సెగ తగిలితే ఆ తపస్సు ఇంకా పచ్చిదే. ఎదుటివాడికి చల్లదనం తెలిస్తేనే అది పండినట్టు.

ఆకులో రంగు సిద్ధంగా ఉండదు. కొమ్మ మీది ఆకును ఎంతసేపు పట్టుకున్నా వేలికి ఎరుపు అంటదు. రంగునిచ్చే పదార్థం ఆకు కణాల్లో ఒక చక్కెరతో ముడిపడి, రంగులేని రూపంలో దాగి ఉంటుంది. రోట్లో వేసి నూరితే ఆ కణాలు పగులుతాయి. చింతపండో, పెరుగో, నిమ్మరసమో కలిపితే ఆ పులుపుకు చక్కెర ముడి విడుతుంది. ముడి విడిన పదార్థం గాలి సోకి లాసోన్ అవుతుంది. రోటి దగ్గర కూర్చున్న ఇల్లాలికి ఈ రసాయనశాస్త్రం తెలియకపోవచ్చు. కానీ మెత్తగా నూరకపోతే పండదనీ, పులుపు పడకపోతే పండదనీ ఆమెకు బాగా తెలుసు.

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు అని చెబుతాడు. ప్రేయస్సు తీపి. దానితో ముడిపడి ఉన్నంతకాలం మనలోని అసలు వన్నె మనకే తెలియదు. జీవితంలో నలిగే ఘడియలు వస్తాయి, పులుపు తగిలే ఘడియలు వస్తాయి. వాటిని శిక్షలుగా లెక్కపెట్టుకునేవాడు కుమిలిపోతాడు. ముడి విప్పే పనిగా చూడగలిగినవాడు పండుతాడు. ఒక హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. నూరిన ముద్దను రోజుల తరబడి అలా ఉంచేస్తే రంగు చచ్చిపోతుంది. విడుదలైన గుణాన్ని వెంటనే ఒక చేతికి అప్పగించాలి. కష్టం నేర్పిన మంచిని ఆచరణలో పెట్టనివాడి సంగతీ అంతే.

గోరింటాకు పుట్టుక గురించి మన ఆడవాళ్ళు చెప్పుకునే కథ ఒకటుంది. గౌరీదేవి చిన్నపిల్లగా చెలికత్తెలతో తోటలో ఆడుకుంటూ రజస్వల అయిందట. ఆ రక్తపు చుక్క నేల తాకిన చోట ఒక మొక్క మొలిచిందట. గౌరి ఆకు కోసి నలిపితే వేళ్ళు ఎర్రబడ్డాయి. కూతురి చెయ్యి కందిపోయిందని తండ్రి పర్వతరాజు కంగారుపడితే, 'బాధ లేదు, అందంగా ఉంది' అందట ఆ పిల్ల. అప్పుడు ఆ మొక్కకు ఆడవాళ్ళ ఒంటి వేడిని తగ్గించే వరం దొరికింది. ఇది చూసి కుంకుమ దిగులుపడింది. అందరూ నుదుట కూడా ఈ ఆకే పెట్టుకుంటే నా గతేమిటని. నుదుటి మీద ఇది పండదని గౌరి అభయమిచ్చిందట.

కథ ఎంత ముచ్చటైనదో అంత లోతైనది. లాసోన్ చర్మం పైపొరలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌తో కలుస్తుంది. ఆ పొర అరచేతుల్లో, అరికాళ్ళలో మందం, ముఖం మీద పలచన. అందుకే చేతులూ కాళ్ళూ పండినట్టు నుదురు పండదు. కథ చెప్పిన అమ్మమ్మ కంటితో చూసిందే చెప్పింది. ఇక లోపలి అర్థానికి వస్తే, వేదాంతం ఇంద్రియాలను రెండు తెగలు చేసింది. కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం జ్ఞానేంద్రియాలు. వాక్కు, చేతులు, పాదాలు మొదలైనవి కర్మేంద్రియాలు. చేతులకు ఇంద్రుడు, పాదాలకు విష్ణువు అధిదేవతలని తత్త్వబోధ చెబుతుంది. జ్ఞానానికి నెలవైన నుదుట కుంకుమ పెట్టుకుంటాం. కర్మ చేసే చేతికీ, నడిచే కాలికీ గోరింటాకు పెట్టుకుంటాం. రాపిడి ఎక్కడ ఎక్కువో, దాన్ని తట్టుకోవడానికి చర్మం ఎక్కడ మందమైందో అక్కడే రంగు ముదురుగా పండుతుంది. అంట్లు తోమిన చెయ్యి, నాట్లు వేసిన చెయ్యి, బురదలో దిగిన పాదం ఈ ఆకుకు ఎక్కువ ఇష్టం. ఆషాఢంలో వానలు మొదలై, చేతులూ కాళ్ళూ రోజంతా నీళ్ళలో నానుతూ, వేళ్ళ సందుల్లో, గోళ్ళ అంచుల్లో పుండ్లు పడే కాలంలో ఈ ఆచారం పెట్టినవాళ్ళకు శ్రమించే దేహం మీద ఉన్న దయ మనకు అర్థం కావాలి. అనుగ్రహమన్నది శ్రమను తప్పించుకున్న చోట కన్నా శ్రమించిన చోటే గాఢంగా అంటుతుంది.

మరి గోరింటాకు పెట్టుకున్న రాత్రి ఏం జరుగుతుంది? అరచేతి మధ్య చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకు టోపీలు. ఇక ఆ చేతులు ఏ పనికీ పనికిరావు. నుదుటి మీద వెంట్రుక పడినా తీసుకోవడానికి లేదు, దోమ వాలినా తోలుకోవడానికి లేదు. ఇంటిల్లిపాదికీ వడ్డించే ఇల్లాలు ఆ పూట వేళ్ళు విడదీసుకుని కూర్చుంటే, కూతురో అత్తగారో పెరుగన్నం ముద్దలు కలిపి ఆమె నోటికి అందిస్తారు. ఎప్పుడూ పెట్టే చెయ్యి ఆ రాత్రి పుచ్చుకుంటుంది. కర్మేంద్రియాలకు దొరికిన విరామం అది. అయితే గీత మూడో అధ్యాయంలో శ్రీకృష్ణుడు ఒక మాట అంటాడు. చేతులూ కాళ్ళూ కట్టేసుకుని మనసులో మాత్రం విషయాలను నెమరేసేవాణ్ణి మిథ్యాచారి అంటాడు. గోరింటాకు చేతులనే ఆపగలదు. ఆ ఆగిన చేతుల వెనక మనసును కూడా కాసేపు ఆపుకోవడం మన వంతు. కదిలిస్తే బొమ్మ చెదురుతుంది, తొందరపడి కడిగేస్తే రంగు నిలవదు.

పొద్దున ఎండిన ముద్ద పెచ్చులుగా రాలిపోతుంది. నీళ్ళు తగలనీయకుండా కాస్త కొబ్బరినూనె రాసి చూస్తే అప్పటికి నారింజరంగే ఉంటుంది. పిల్లలు డీలా పడతారు. 'రేపటికి ముదురుతుంది, ఆగు' అంటారు పెద్దలు. నిజమే. లాసోన్ గాలికి మార్పు చెందుతూ ఒకటి రెండు రోజుల్లో ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ముద్ద రాలిపోయాక కూడా ఆకు పని చేస్తూనే ఉంటుంది. జపం అయిపోయాక, మాల పక్కన పెట్టాక, ఆ తరువాతి రెండు రోజుల్లో మన మాట తీరులో వచ్చే మార్పే ఆ జపం అసలు రంగు.

ఈ రంగు శాశ్వతం కాదు. కలిసింది రాలిపోయే పొరతో కాబట్టి, రెండు మూడు వారాల్లో ఆ పొరతోనే వెళ్ళిపోతుంది. గోళ్ళ మీద మరికొంత కాలం ఉంటుంది. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆషాఢంలో గోరంతా నిండిన ఎరుపు శ్రావణానికి గోటి మొదట్లో ఒక తెల్లని నెలవంకకు చోటిస్తుంది. దసరా నాటికి గోటి చివర మిగిలిన ఎర్రని అంచవుతుంది. ఆ తరువాత కొద్దిరోజులకే ఆశ్వయుజ బహుళ తదియ, అట్లతద్ది వస్తుంది. మళ్ళీ ఆకు కోస్తారు, మళ్ళీ నూరుతారు. మనసును నిలపడానికి అభ్యాసం, వైరాగ్యం అని రెండు ఉపాయాలు చెప్పింది గీత. రంగు వెళ్ళిపోతుంటే ఏడవకపోవడం వైరాగ్యం. వెళ్ళిపోతుందని తెలిసీ మళ్ళీ పెట్టుకోవడం అభ్యాసం. ఒకసారి కలిగిన మంచి సంస్కారం జన్మంతా కాపాడుతుందని నమ్మి కూర్చున్నవాడి గోరు తెల్లబడుతుంది.

చివరగా, బాధతో చెప్పవలసిన మాట ఒకటుంది. ఇప్పుడు బజారులో నల్లగా, గంటలోనే పండుతాయని అమ్మే కోన్లు వచ్చాయి. గోరింటాకు దానంతటది నల్లగా పండదు, గంటలో ముదరదు. ఆ నలుపు చాలాసార్లు పారాఫినైలిన్‌డయమిన్ అనే జుట్టురంగు రసాయనం వల్ల వస్తుంది. దానివల్ల చర్మం పొక్కులు పోసి, కొందరికి మచ్చలు మిగులుతాయి. ఒకసారి పడకపోతే ఇక జన్మంతా ఆ రసాయనం పడకుండా పోవచ్చు. అందులో రంగు ఉంది, చలవ లేదు. చల్లబరచవలసిన చోట మంట పెట్టే రంగు అది. మన కాలపు భక్తిలోనూ ఇలాంటి కోన్లు తక్కువేమీ లేవు. ఆడంబరం గంటలో నల్లగా పండుతుంది. కానీ ఆ భక్తుడి ఇంట్లో భార్య భయపడుతూ ఉంటే, పనిమనిషి కన్నీళ్ళు పెట్టుకుంటూ ఉంటే, పక్క మతం వాడి పేరు వింటేనే అతని ఒళ్ళు మండుతుంటే, ఆ రంగు ఏ ఆకుదో ఆలోచించుకోవాలి.

అసలైన ఆకును కూడా తెలిసి వాడాలి. పసిపిల్లలకు, జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవారికి గోరింటాకు పెట్టకూడదు. వారి ఎర్ర రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. వైద్యుణ్ణి అడగకుండా లోపలికి పుచ్చుకోకూడదు. మందు పట్ల గౌరవమంటే దాని హద్దు తెలుసుకోవడమే.

ఈ ఆషాఢంలో కోను కొనకండి. పెరట్లోనో పొరుగింట్లోనో ఉన్న పొద నుంచి నాలుగు గుప్పెళ్ళ ఆకు కోసి నూరండి. మీ ఇంట్లో రోజంతా పనిచేసే చేతులు ఎవరివో వారికి ముందు పెట్టి, ఆ పూట అన్నం మీరు కలిపి తినిపించండి. మర్నాడు ఎలా పండిందని ఎలాగూ అడుగుతారు. ఎవరినైనా చల్లబరిచామా అని కూడా మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. రెండో ప్రశ్నకు జవాబు దొరికిన రోజే మొదటిది పండినట్టు లెక్క.